పక్క వాటాలో ఏడ్చిన పిల్ల

హ్యూస్టన్‌లో ఆఫీసు పని అనుకున్నదానికన్నా ఒక రోజు ముందే తెమిలింది. విమానం మర్నాడు సాయంత్రానికి. హోటల్ గదిలో గోడలు చూస్తూ కూర్చోవడం ఎందుకని కారు అద్దెకు తీసుకుని తూర్పు దారి పట్టాను. నేను చదువుకున్న బోమాంట్ అక్కడికి గంటన్నర ప్రయాణం. అటు వెళ్లి ఇరవై ఏళ్లు దాటింది.

వినీ అనే చిన్న ఊరి దగ్గర పెద్ద రహదారి వదిలి, ముందు పోర్ట్ ఆర్థర్ చూద్దామని అటు తిరిగాను. ఆ చుట్టుపక్కలంతా వరి పండిస్తారు. చదువు కోసం మొదటిసారి ఆ ప్రాంతానికి వచ్చినప్పుడు మా జట్టులో ఒకమ్మాయి ఆ మళ్లను చూసి, "సముద్రాలు దాటి వచ్చింది మళ్లీ వరి చూడడానికా!" అని తల పట్టుకుంది. అది తలచుకుని నవ్వుకుంటూ ఉండగానే వాసన వచ్చింది.

కారు అద్దాలన్నీ మూసే ఉన్నాయి. అయినా వచ్చింది. కుళ్లిన కోడిగుడ్డు, అప్పుడే ఆర్పిన అగ్గిపుల్ల, ఎండకు కరిగిన తారు, వీటన్నిటి అడుగున ఉప్పునీటి చెమ్మ. చమురు శుద్ధి కర్మాగారాల గొట్టాలు ఇంకా కనబడనే లేదు, వాసన మాత్రం ఊరి పొలిమేర దాకా ఎదురొచ్చింది. అక్కడివాళ్లు దాన్ని డబ్బు వాసన అంటారు. నాకు మాత్రం ఆ వాసన ముక్కుకు తగిలిందంటే చెవిలో ఒక ఆడగొంతు లేస్తుంది. అది పాటో ఏడుపో తేల్చుకోలేక మా నాన్న ఫోను పెట్టేసిన రాత్రి గుర్తొస్తుంది.

* * *

అవి కాలింగ్ కార్డుల రోజులు. కార్డు వెనక వెండిపూతను నాణెంతో గీకాలి. ముందు ఒక నంబరు, తరువాత కార్డు మీది పొడుగాటి అంకెలు, ఆపైన ఇంటి నంబరు నొక్కాలి. ఒక్క అంకె తప్పితే మళ్లీ మొదటికి. అన్నీ కుదిరితే, ఇంకా ఎన్ని నిమిషాలు మిగిలాయో ఒక మరగొంతు చెప్పేది. అది చెప్పినన్ని నిమిషాలు నాకు ఏనాడూ దక్కలేదు. శనివారం రాత్రి మాకు, ఆదివారం ఉదయం ఇంట్లోవాళ్లకు. ముగ్గురు అమ్మాయిలం, ఒకటే ఫోను, వంటగది గోడకు మేకు కొట్టి బిగించినది. దాని మెలికల తీగ ఎంత దూరం సాగుతుందో అంతే మా ఏకాంతం.

ఆ రాత్రి నా వంతు. తిన్నావా, నిద్రపోతున్నావా, చలి ఎక్కువగా ఉందా అని నాన్న వరసగా అడుగుతున్నారు. అక్కడ చలి కాదు, ఊపిరాడని ఉక్క అని ఎన్నిసార్లు చెప్పినా ఆయన లెక్కలో అమెరికా అంటే చలే. ఉన్నట్టుండి మాట ఆపారు.

"ఎవరమ్మా ఆ ఏడుస్తున్నది?"

"ఎవరూ లేరు నాన్నా. లైనులో చప్పుడు."

"లైను కాదు. ఎవరో పిల్ల. పక్క వాటాలో కాబోలు, గుక్కపట్టి ఏడుస్తోంది. ముందు వెళ్లి చూడు. నాతో తరువాత మాట్లాడవచ్చు."

పెట్టేశారు. రిసీవరు చేతిలో పట్టుకుని నిలబడితే అప్పుడు నాకూ వినిపించింది. ఆ ఇళ్ల గోడలు ఇటుకవి కావు. రెండు అట్టల మధ్య బోలుగా ఉంటాయి. పక్కవాళ్లు చెంచా కింద పడేసినా తెలిసేది. రోజూ వినీ వినీ చెవి పట్టించుకోవడం మానేసిందేమో, పదివేల మైళ్ల అవతల ఉన్న మనిషి చెబితేగాని నాకు తెలియలేదు.

వెళ్లి తలుపు తట్టాను. పక్క వాటాలో ఉన్నది ఒక పెద్దాయన. కర్మాగారంలో గొట్టాలు అతికే పని చేసి రిటైరయ్యాడు. ఒక్కడే ఉండేవాడు. మాలో మేము ఆయన్ను తాతగారు అనుకునేవాళ్లం, ఎదురుపడితే సర్ అనేవాళ్లం. చప్పుడు ఎక్కువైందా, తగ్గిస్తాను అంటూ వెనక్కి తిరగబోయాడు. అది కాదని, ఇక్కడ ఎవరో అమ్మాయి ఏడుస్తోందని మా నాన్న ఫోనులో విని నన్ను పంపించారని చెప్పాను. ఆయన కాసేపు నా ముఖం చూశాడు. తరువాత గదిలో మూలన తిరుగుతున్న రికార్డు వైపు వేలు చూపించాడు. ఆ వేలికి చివరి కణుపు లేదు.

"ఈ పిల్లేనమ్మా. ఈ పక్క ఊరిదే. మా బడిలోనే చదివింది."

* * *

ఆ పాట 'సమ్మర్‌టైమ్' అని, అది అసలు జోలపాట అని తరువాత తెలిసింది. 1935 నాటి ఒక సంగీత నాటకానికి జార్జ్ గెర్ష్విన్ కట్టిన బాణీ. చంటిబిడ్డను ఊరుకోబెడుతూ తల్లి పాడే పాట. తాతగారు చూపించిన రికార్డులోని పిల్ల, అమెరికన్ రాక్ గాయని జానిస్ జాప్లిన్, పాడితే బిడ్డ కన్నా ముందు తల్లే ఏడుస్తున్నట్టు ఉంటుంది. కనుక నాన్నది పూర్తిగా తప్పని అనలేను.

నిజం చెప్పాలంటే అప్పుడు నాకు నచ్చలేదు. సుశీల గొంతు విని పెరిగిన చెవి నాది. పాట అంటే నూనె ధారలా తెగకుండా సాగాలి, ఎక్కడా గరుకు తగలకూడదు. ఈమె గొంతు ఎండిన వెదురు చీలినట్టు చీలేది. ఒక మాట గుసగుసగా మొదలై, మధ్యలో విరిగి, చివరికి వచ్చేసరికి కేక అయ్యేది. ఒకే మాటను నాలుగుసార్లు, అయిదుసార్లు పట్టుకుని కుదిపేది. నేను మర్యాద కోసం కూర్చున్నానని తాతగారికి తెలిసిపోయింది. అట్ట చేతికిచ్చి, బొమ్మలు చూడు, అది చాలు అన్నాడు.

'చీప్ థ్రిల్స్' అట్ట అది. రాబర్ట్ క్రంబ్ గీసిన బొమ్మల గళ్లు, పాటకొక గడి. 1968లో వచ్చిన ఆ రికార్డు ఎనిమిది వారాలు అమెరికాలో మొదటి స్థానంలో ఉందట. తాతగారి ప్రతి అంచులు నలిగి, మూలలు మెత్తబడి, పాత పంచాంగంలా ఉండేది. ఆయన రికార్డు తీసే తీరు మాత్రం చూడవలసిందే. గీతల మీద వేలు పడకుండా రెండు అరచేతుల మధ్య అంచు పట్టుకుని, దీపం కిందకు తెచ్చి, ఏటవాలుగా వంచి, ఒక్కసారి ఊదేవాడు. ముల్లు దించేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. ముల్లు తాకాక ముందు వచ్చే చిటపటల్లో ఆయన ముఖం తేటపడేది. ఆ చిటపటలు ఇప్పుడు ఎక్కడా వినబడవు. ఫోనులో పాట నొక్కితే చాలు, ముందూ వెనకా లేకుండా మొదలవుతుంది.

రెండు మూడు వారాలకు అలవాటైంది. నెలకు నేనే వెళ్లి అడగడం మొదలుపెట్టాను. పప్పుచారు ఒక గిన్నెలో పోసి పట్టుకెళ్లేదాన్ని. ఆయన అందులో రొట్టె ముంచుకుని తింటూ కథలు చెప్పేవాడు.

* * *

జానిస్ 1943 జనవరిలో పోర్ట్ ఆర్థర్‌లో పుట్టింది. తండ్రి టెక్సకో చమురు కంపెనీలో ఇంజనీరు. తరువాత ఒక చెల్లెలు, ఒక తమ్ముడు. థామస్ జెఫర్సన్ హైస్కూలు. తాతగారు అక్కడ ఆమెకన్నా రెండు తరగతులు పైన. ఆమెతో మాట్లాడారా అని అడిగితే, ఒక్క మాట కూడా లేదు అన్నాడు. కాసేపాగి, తిట్టినవాళ్లను ఆపనూ లేదు అన్నాడు. అంతకన్నా ఏమీ చెప్పలేదు, నేను గుచ్చి అడగలేదు.

మిగతాది నేను గ్రంథాలయంలో చదివి తెలుసుకున్నదే. మొటిమల ముఖం, కాస్త లావు. బొమ్మలు వేసేది. బెస్సీ స్మిత్, లెడ్ బెల్లీ లాంటి నల్లజాతి గాయకుల రికార్డులు వినేది. నల్లవాళ్లతో కలిసి చదివితే తప్పేమిటి అనేది. ఆ రోజుల్లో, ఆ ఊళ్లో, తెల్లపిల్ల ఆ మాట అంటే ఊరుకోరు. బడి వరండాల్లో ఆమెను అనని మాట లేదు. శుక్రవారం, శనివారం రాత్రులు స్నేహితులతో నది దాటి లూసియానా వైపు పోయేది. అక్కడ తాగడానికి వయసు నిబంధన తక్కువ, బార్లలో పాట దొరికేది.

1960లో హైస్కూలు అయ్యాక బోమాంట్‌లోని లామార్ కళాశాలలో చేరింది. మా కళాశాలే! ఈ సంగతి తెలిసిన రోజు నేను ఎంత పొంగిపోయానో. తరగతికి వెళ్తూ ప్రతి పాత ఇటుక గోడనూ, ఇది అప్పుడు ఉండి ఉంటుందా అని చూసేదాన్ని. ఆ తరువాత ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం. చెప్పుల్లేకుండా తరగతికి వెళ్తుందని, చేతిలో ఆటోహార్ప్ అనే తీగవాద్యం పట్టుకుని తిరుగుతుందని 1962లో అక్కడి విద్యార్థుల పత్రిక ఆమె గురించి రాసింది. కెన్నెత్ థ్రెడ్‌గిల్ అనే ఆయన పాత పెట్రోలు బంకును బారుగా మార్చి నడిపేవాడు. అక్కడ పాడేది. క్యాంపస్‌లో అందరికన్నా అందవికారి అయిన మగవాడు ఎవరు అని ఏటా ఒక వేళాకోళపు పోటీ జరిగేది. ఎవరో ఈమె పేరు ఇచ్చారు. 1963 జనవరిలో రోడ్డు మీద లారీలూ కార్లూ ఆపుకుంటూ సాన్ ఫ్రాన్సిస్కో వెళ్లిపోయింది.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఇవేవీ కావు, 1965. సాన్ ఫ్రాన్సిస్కోలో మత్తుమందులకు చిక్కి, ఎముకల గూడై, పోర్ట్ ఆర్థర్‌కు తిరిగి వచ్చింది. బుద్ధిగా ఉండాలనుకుంది. జుట్టు పైకెత్తి తేనెపట్టులా ముడివేసి, పద్ధతైన గౌనులు వేసుకుని, మళ్లీ లామార్‌లో చేరింది. ఊళ్లో అందరి పిల్లల్లాగే కనబడడానికి ఒక ఏడాది పాటు కష్టపడింది. వేదికల మీద ఈకలు, గాజులు, పూసల దండలతో ఊగిపోయే ఫోటోలు ప్రపంచమంతా చూసింది. నేను మాత్రం ఆ ముడివేసిన జుట్టు పిల్లనే ఊహించుకునేదాన్ని, మా కళాశాల మెట్ల మీద, గుండెలకు పుస్తకాలు ఆనించుకుని.

1966లో ఆస్టిన్ వెళ్తున్నానని ఇంట్లో చెప్పి సాన్ ఫ్రాన్సిస్కో చేరింది. 'బిగ్ బ్రదర్ అండ్ ది హోల్డింగ్ కంపెనీ' అనే బృందానికి గొంతు కావాలని పాత స్నేహితుడు చెట్ హెల్మ్స్ కబురు పెట్టాడు. వెళ్లాక ఇంటికి ఉత్తరం రాసింది. జంకుతూ జంకుతూ మొదలుపెట్టి, ఎక్కడున్నానో ఒక వాక్యంలో చెప్పి, ఆపైన సంజాయిషీలు. నేను బాగానే ఉన్నాను, చదువుకు తిరిగి వద్దామనే అనుకుంటున్నాను, మీకు ఆశాభంగం కలిగించాను. ఆ తరువాత కూడా రాస్తూనే ఉంది. ఎక్కడ పాడిందో, ఏం కొనుక్కుందో, పత్రికల్లో తన గురించి ఏం వేశారో కత్తిరించి మరీ పంపేది.

ఆ ఉత్తరాల సంగతి చదివినప్పుడు మా వంటగది ఫోను గుర్తొచ్చింది. ఒక సెమిస్టరులో నా ఫీజు రాయితీ ఆగిపోయింది. రెండు నెలలు పగలు తరగతులు, రాత్రి కంప్యూటర్ ల్యాబులో కాపలా, భోజనం ఒంటిపూట. ఆ రెండు నెలలూ శనివారం శనివారం నాన్నకు నేను చెప్పినది ఒకటే, బాగానే ఉన్నాను.

* * *

ఆ తరువాత జరిగినదంతా అందరికీ తెలిసినదే. 1967 జూన్‌లో మాంటెరీ సంగీత ఉత్సవం. మొదటిసారి ఆమె పాడింది కెమెరాలకు ఎక్కలేదని మర్నాడు మళ్లీ వేదిక ఎక్కించారు. బిగ్ మామా థార్న్‌టన్ పాట 'బాల్ అండ్ చెయిన్' పాడుతుంటే ముందు వరసలో కూర్చున్న గాయని మామా క్యాస్ నోరు తెరుచుకుని ఉండిపోవడం ఆ ఉత్సవం మీద తీసిన చిత్రంలో కనిపిస్తుంది. మరుసటి ఏడాది చివర బిగ్ బ్రదర్‌ను వదిలేసింది. 1969లో వుడ్‌స్టాక్ సంగీత ఉత్సవం. నాకు ఆ మధ్యకాలపు రికార్డు అంతగా ఎక్కలేదు, బాకాలు ఎక్కువై గొంతును కమ్మేస్తాయి. తాతగారు ఒప్పుకునేవాడు కాదు. ఈ విషయంలో మా ఇద్దరికీ చివరిదాకా రాజీ కుదరలేదు.

1970 వేసవిలో టెలివిజన్‌లో డిక్ క్యావెట్‌తో మాట్లాడుతూ, తరగతిలోంచి, ఊళ్లోంచి, రాష్ట్రంలోంచి నన్ను నవ్వి నవ్వి తరిమేశారు, ఇప్పుడు తిరిగి ఇంటికి వెళ్తున్నాను అంది. ఆగస్టులో హైస్కూలు పదేళ్ల కలయికకు జుట్టులో ఈకలతో, రంగు కళ్లద్దాలతో నిజంగానే వచ్చింది. విలేకరులు ముట్టడించారు. బడిలో చివరి ఏడాది నాట్యాల రాత్రికి వెళ్లారా అని ఎవరో అడిగారు. నన్ను ఎవరూ పిలవలేదు అంది. నవ్వుతూనే అంది, కానీ అప్పటిదాకా ఉన్న ధాటి ఆ ఒక్క జవాబులో లేదని తాతగారి మాట. ఆయన దాన్ని టెలివిజన్‌లో చూశాడట.

అదే నెలలో ఇంకొకటి జరిగింది, ఇది అంతగా ఎవరూ చెప్పుకోరు. బెస్సీ స్మిత్ 1937లో పోయాక ఫిలడెల్ఫియా దగ్గర శ్మశానంలో ఆమె సమాధికి రాయి కూడా లేదు. చిన్నప్పుడు బెస్సీ ఇంట్లో పనిచేసిన జువానిటా గ్రీన్‌తో కలిసి జానిస్ ఆ రాయికి డబ్బు ఇచ్చింది. తనకు మాత్రం సమాధి అక్కర్లేకపోయింది. రెండు నెలలు తిరగకుండా, అక్టోబరు 4న హాలీవుడ్‌లో ఒక హోటల్ గదిలో హెరాయిన్ ఎక్కువై చనిపోయి కనిపించింది. వయసు 27. చితాభస్మాన్ని పసిఫిక్ సముద్రంలో కలిపారు. తను పోయాక స్నేహితులు విందు చేసుకోవడానికి విల్లులో 2,500 డాలర్లు రాసి పెట్టింది.

* * *

ఒక ఆదివారం తాతగారు మా ముగ్గురినీ తన పాత ట్రక్కులో పోర్ట్ ఆర్థర్ తీసుకెళ్లాడు. కాలువ గట్టు మీది గోడ ఎక్కి, ఇంటి కప్పులకన్నా ఎత్తున కదిలిపోయే చమురు ఓడలను చూశాం. తిరిగి వచ్చేటప్పుడు 32వ వీధిలోకి మలుపు తిప్పి, ఒక మామూలు ఇంటి ముందు బండి నెమ్మది చేశాడు. ఆపలేదు. "ఇదే" అన్నాడు. గడ్డి కోస్తున్న ఎవరో చెయ్యి ఊపారు, ఆయనా ఊపాడు. అంతే. అప్పటికి ఆ ఇంటి ముందు ఏ ఫలకమూ లేదు.

ఈసారి ఉంది. టెక్సస్ చరిత్ర సంఘం 2008లో పెట్టించింది. నేను కారు ఆపాను, కానీ దిగలేదు. ఎవరిదో ఇల్లు.

మ్యూజియం ఆఫ్ ది గల్ఫ్ కోస్ట్‌లో ఆమెకు ఒక విభాగమే ఉంది. ఆమె నడిపిన రంగురంగుల పోర్షే కారుకు నమూనా ఒకటి అక్కడ నిలబెట్టారు. అసలు కారు 2015లో వేలంలో 17 లక్షల డాలర్లకు పైగా పలికింది. నమూనా మీద కూడా సీతాకోకచిలుకలు, కొండలు, కళ్లు, చేపలు, ఖాళీ అంగుళం లేదు. బడిపిల్లల గుంపు ఒకటి దాని ముందు ఫోటోలు దిగుతోంది. వాళ్లలో కాస్త లావుగా, వెనకగా నిలబడిన పిల్ల ఒకతె ఫోటోలోకి రాలేదు. ఉపాధ్యాయురాలు పిలిచినా రాలేదు. అద్దాల పెట్టె దగ్గరకు పోయి పాత బడి ఫోటోలను ముక్కు ఆనించి చూస్తోంది.

బోమాంట్‌లో మా ఇళ్ల సముదాయం లేదు. ఇన్ని తుపానుల తరువాత ఉంటుందని ఎందుకు అనుకున్నానో. ఆ చోట ఇప్పుడు సామాను దాచుకునే గదుల వరస ఉంది. తాతగారు నేను ఉద్యోగానికి వెళ్లిన కొన్నేళ్లకే పోయారని అప్పట్లోనే తెలిసింది. ఆ రికార్డులు ఎవరికి చేరాయో.

కారులో కూర్చుని ఫోనులో 'మెర్సిడెస్ బెంజ్' పెట్టాను. చనిపోవడానికి మూడు రోజుల ముందు రికార్డు చేసిన పాట. వాద్యాలేవీ లేవు, కాలితో తాళం ఒక్కటే. దేవుడిని కారు అడిగే కొంటె పాట. చివర, అంతే అని చిన్నపిల్లలా కిలకిలమంటుంది. తాతగారు ఆ నవ్వు దగ్గర ముల్లు ఎత్తేవాడు. తరువాతి పాటను వెంటనే రానిచ్చేవాడు కాదు.

* * *

నాన్నకు అసలు సంగతి చెప్పాలనే అనుకున్నాను. మరుసటి శనివారం ఫోనులో మొదటి మాటే, "ఆ పిల్ల ఎలా ఉంది?" అన్నారు. అది రికార్డు అని, ఆ పిల్ల పోయి ముప్పై ఏళ్లయిందని చెప్పడానికి కార్డులో నిమిషాలు చాలవు. "బాగానే ఉంది నాన్నా" అన్నాను. ఆ తరువాత వారం అడిగారు. ఆ తరువాత కూడా. ఏడుపు తగ్గిందా, వాళ్లవాళ్లు వచ్చారా, అన్నం పెడుతున్నావా. నేను అన్నిటికీ ఊకొట్టాను.

చాలా ఏళ్ల తరువాత, నేను సెలవుకు ఇంటికి వెళ్లినప్పుడు, నాన్న వరండాలో పేపరు చదువుతూ కళ్లద్దాలు దించి అడిగారు.

"నీ పక్క వాటాలో ఏడ్చిన పిల్ల, పెళ్లయిందా ఆ అమ్మాయికి?"

"లేదు నాన్నా. పెద్ద గాయని అయింది."

"అలాగా" అని కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. ఒక పేజీ తిప్పారు. "ఆ రోజే అనుకున్నాను, గట్టి గొంతని."